పండుగనెల పట్టిన ఇల్లు

సంక్రాంతి మూడు దినముల పండుగ యని పంచాంగము చెప్పును గాని, నా యౌవనకాలమున గోదావరీతీరమందు ఆ మాటను నమ్మిన ఇల్లాలు ఒక్కతెయు లేదు. సూర్యుడు ధనూరాశిలో ప్రవేశించిన నాటి వేకువనే ప్రతి వాకిటను పేడకళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి, 'నెల పట్టితి'మని చెప్పుకొనెడివారు. అది మొదలు మకరసంక్రమణము వఱకు గల దినములన్నియు పండుగయే. భోగి, సంక్రాంతి, కనుమ యనునవి ఆ మాసమంతయు పడిన పాటునకు చేతికందిన ఫలములు మాత్రమే. నేడు పండుగ మిగిలినది, నెల పోయినది. పండుగకు కావలసిన వస్తువులన్నియు ఇప్పుడును దొరకుచున్నవి. నాటికంటె సులభముగను, ఒక్కొక్కప్పుడు రుచిగను కూడ దొరకుచున్నవి. ఆ వస్తువులను చేయుటలో ఇద్దరు మనుష్యులు ఒకరినొకరు ఎరుగుటకు కలిగెడి వ్యవధి మాత్రమే దొరకుట లేదు. కొత్తగా కాపురము పెట్టిన దంపతులకు ఆ మాసము ఎంతటి ఉపకారము చేసిపెట్టెడిదో నే నెరిగినంతవఱకు చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆంధ్రరాష్ట్ర మవతరించిన 1953వ సంవత్సరముననే నాకు రాజమహేంద్రవరమునందలి ఒక ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పు ఉద్యోగమును, వివాహమును రెండును సమకూడినవి. మాది కోనసీమ, ఆమెది బందరు. మొదటి పండుగకు కొత్త అల్లుడు అత్తవారింటికి పోవుట న్యాయము గనుక బందరు పోయితిమి. ఆమె పుట్టింట ముక్కనుమనాడు బొమ్మలనోము పట్టినది. మరుసటి యేడు మా అమ్మ కోరికపై కోనసీమకు పోయితిమి. ఆపై యేడు ఎటు పోయినను రెండవవైపువారి మనసు నొచ్చును. పాఠశాలవారు దయచేయు సెలవులా, రైలులోను కాలువపడవలోను కూర్చుండుటకే సరిపోవునంతటివి. నేను కాగితముపై ఈ దారియు ఆ దారియు లెక్కలు కట్టుచుండగా ఆమె వచ్చి, "ఎక్కడికీ వద్దండీ. ఇక్కడే చేసుకుందాం. ఎవరికీ కోపం ఉండదు" అని ఒక్క మాటలో తేల్చినది. దానితో ఇన్నీసుపేటలోని మా అద్దెవాటా, అనగా రెండు గదులు, ఒక వంటసావడి, ఇంటివారితో ఉమ్మడిగా ఒక నుయ్యి, గుమ్మము ముందు నాలుగు బారల నేల, ఒక్కసారిగా గృహస్థాశ్రమపు గౌరవమును పొందినది.

పెద్దలు లేని కాపురమున ఒక కష్టమును, ఒక సుఖమును కలవు. పండుగలో ఏది విధియో, ఏది వేడుకయో చెప్పువారు లేకపోవుట కష్టము. రెండిండ్ల ఆచారములు ఒక్క వంటయింట ఎదురుపడినప్పుడు తీర్పు చెప్పువారు లేకపోవుట సుఖము. వారింట కొలువు లేనిది సంక్రాంతి కాదు. మాయింట ప్రభ కదలనిది కనుమ కాదు. వారు అరిసెలపై గసగసాలు అద్దుదురు. మేము నువ్వులు అద్దుదుము. మేము కొంత వాదించుకొని, కొంత నవ్వుకొని, పని ఎవరు చేయుదురో వారి మాటయే చెల్లవలెనను ధర్మసూత్రమునకు వచ్చితిమి. నన్ను కూడ పనిలోనికి దింపుటకు ఆమె పన్నిన ఉపాయమే ఆ సూత్రమని నాకు చాలకాలమునకు గాని తోచలేదు.

వేకువజామున నూతిగిలక చప్పుడుతో నాకు మెలకువ వచ్చెడిది. ఆమె కళ్ళాపి చల్లి, ఆ తడి యారకముందే చుక్కలు పెట్టెడిది. పొడిముగ్గు అమ్మువారు గంపలు నెత్తిని పెట్టుకొని వీధివీధి తిరుగుచుండినను, మొదటి వరుస బియ్యపుపిండితోనే తీర్చవలెనని ఆమె పట్టు. అది చీమలకును పిచ్చుకలకును మనము పెట్టు వాయనమట. మాసము సాగినకొలది చుక్కలును పెరిగెడివి. నెల పట్టిననాడు గుమ్మము ముందు ఒదిగియుండిన ముగ్గు భోగి దగ్గరపడునప్పటికి వాకిలినంతయు నాక్రమించి వీధిలోనికి దిగెడిది. రేపటి ముగ్గునకు రాత్రియే సాధన జరుగవలెను గదా! నా పాఠముల పుస్తకమునందలి ఖాళీపుటలలో ఆమె సీసపుకడ్డీతో చుక్కలు పెట్టి, మెలికలు త్రిప్పి, కుదరనిదానిని కొట్టివేసి, మరల నారంభించెడిది. ఒక యేడు తనిఖీకి వచ్చిన అధికారి ఆ పుస్తకమును త్రిప్పి చూచి, రేఖాగణితమును మిగుల శ్రద్ధగా బోధించుచున్నారని నన్ను మెచ్చుకొనెను. చరిత్రోపాధ్యాయుడనగు నేను వినయముతో తల వంచుకొంటిని.

పాలవాడు ఆవును గుమ్మమునకు తోలుకొనివచ్చి, మన కన్నుల యెదుట మన చెంబులోనే పాలు పితికి పోయు రోజు లవి. కావున గొబ్బెమ్మలకు పేడ వెదకికొనవలసిన పని లేకపోయెను. పేడముద్దను గుండ్రముగ చేసి, పసుపు కుంకుమ లలది, నెత్తిన గుమ్మడిపూవు గ్రుచ్చి ముగ్గు నడుమ నిలిపెడిది. సాయంకాలమున ఆ గొబ్బెమ్మలనే పిడకలుగా తట్టుట నా వంతు. కొన్నింటిని చిన్నవిగా చేసి, నడుమ వ్రేలితో చిల్లి పొడిచి, ఎండిన పిమ్మట పురికొసకు గ్రుచ్చి దండ కట్టిన, అది భోగిమంటకు. తక్కినవి అటకపై దాచిన, అవి రథసప్తమికి. ఆ మాసమున ఏ వస్తువును ఒక్క పనితో ముగిసిపోవుట లేదు. పూజింపబడిన పేడ పిడకయగును, పిడక నిప్పగును, నిప్పు పాయసమగును, బూడిద అంట్లు తోముటకు వచ్చును. ఇట్టి గృహనిర్వాహమును ఏ విద్యాలయమును నాకు నేర్పలేదు.

తెల్లవారుచుండగా హరిదాసు వచ్చెడివాడు. నుదుట నామములు, భుజమున తంబుర, చేత చిడతలు, తలపై పూలదండ చుట్టిన అక్షయపాత్ర. ఎవరినీ యాచింపడు, ఎవరితోను ముచ్చటింపడు, పాత్రను దించడు. ప్రతిదినము అన్నమునకు బియ్యము కొలుచునప్పుడే ఒక దోసెడు తీసి ఆమె వేరొక గిన్నెలో నుంచెడిది. మాకు బిడ్డలు లేని ఆ తొలియేండ్లలో ఆ గిన్నెకై ప్రక్కవాటా పిల్లలు పోటీపడెడివారు; వారి చేతులందునట్లు దాసరి మోకాళ్ళపై వంగగా, వారు సగము పాత్రలోను, సగము నేలపైనను పోసి పరుగెత్తెడివారు. నేలపై పడిన గింజలను ఏరనిచ్చెడిది కాదు. అవియు పిచ్చుకల వంతే.

పిండివంటల ఘట్టము పండుగకు వారముదినములు ముందుగా వచ్చెడిది. అరిసెలు చేయుట ఒంటిచేతి పని కాదు. బియ్యమును ఒక పగలును ఒక రాత్రియును నానవైచి, వడియగట్టి, చెమ్మ యారకముందే దంచవలెను; పిండి ఆరినదా, అరిసె గట్టిపడును. ఇంటివారి రోలు, రెండు రోకళ్ళు. సహాయమునకు తోడికోడలుగాని ఆడపడుచుగాని లేని ఇల్లు గనుక రెండవ రోకలి నేను పట్టితిని. మగవాడు రోకలి పట్టుట ఆ వీధికి గొప్ప వినోదమైనది. ఇంటివారి ముసలమ్మగారు అరుగుపై కూర్చుండి, "నాయనా, చేతులు బొబ్బలెక్కితే రేపు బడిలో సుద్దముక్కెలా పట్టుకుంటావురా?" అని నవ్వుచుండెడిది. ఒక రోకలి లేచునప్పుడు రెండవది దిగవలెను. లయ తప్పెనా, పొన్నుకు పొన్ను తగిలి చేయి జుమ్మనును. ఆ లయ చూచుకొనుటలో మాటలకు వ్యవధి యుండదు. కాని జల్లెడ పట్టునప్పు డుండెడి విరామములలో ఆమె, ముఖముపై పిండి తుడుచుకొనుచు, ఏదో ఒక సంగతి చెప్పెడిది: చిలకలపూడి పాండురంగని తిరునాళ్ళలో తప్పిపోయిన సంగతి, బందరు కోటవైపు వీచెడి ఉప్పుగాలి సంగతి, తండ్రి పోయిన యేట అటకపై బొమ్మలపెట్టె మూసియే యుండిన సంక్రాంతి సంగతి. వివాహమై రెండేండ్లు గడచినను ఈ సంగతులు అంతకు మున్ను నేను విని యెరుగను. ఎదురెదుట కూర్చుండి, 'నీ సంగతు లేమి?' యని అడిగిన చెప్పుటకు అవి యుత్తరములు కావు. చేతులు వేరొక పనిలో నున్నప్పుడే నోటికి వచ్చు మాటలు.

పాకము చూచుట ఆమె వంతు. బెల్లము కరిగి పొంగి, నురుగు చిక్కబడుచుండగా, గరిటెతో ఒక చుక్క తీసి నీళ్ళపళ్ళెములో విడిచి, వ్రేళ్ళతో దగ్గరకు తీసెడిది. జారిపోయినచో లేతపాకము, మెత్తని ఉండ కట్టినచో అరిసెలపాకము, తీసి పళ్ళెమునకు కొట్టినప్పుడు టంగుమన్నచో ముదురు, అచ్చులకు తప్ప పనికిరాదు. మొదటిదానికిని రెండవదానికిని నడుమ గల వ్యవధి మిక్కిలి చిన్నది. "ఊఁ, పొయ్యండి" అను మాటకై పిండిపళ్ళెము పట్టుకొని నేను వేచియుండవలెను. నేను పిండిని జారవిడుచుచుండగా ఆమె తెడ్డుతో ఉండలు కట్టకుండ కలియబెట్టెడిది. ఆ చలిమిడిని అరిటాకుపై తట్టి, నేతిలో వేసి, పొంగి రంగు తిరిగినదానిని తీసి నా కందించిన, రెండు చెక్కల నడుమ నొక్కి నేయి వడియగొట్టెడివాడను. ఇక గసగసాల వివాదము. పని యిద్దరిదియు నగుటచే మా ధర్మసూత్ర మిచ్చట కొరగాదయ్యెను. అందుచే మాయింటి అరిసెకు ఒక మొగమున నువ్వులు, రెండవ మొగమున గసగసాలు. బందరునుండి వచ్చిన మా బావమరిది ఒక మొగమును, కోనసీమనుండి వచ్చిన మా అమ్మ వేరొక మొగమును మెచ్చుకొనిరి.

భోగినాడు తెల్లవారుజామున మంట, నలుగు, తలంటి ముగిసిన వెనుక బొమ్మలపెట్టె తెరచెడిది. ఆమె తల్లిగా రిచ్చి పంపిన కొండపల్లి బొమ్మలు అందులో ప్రాతచీరపీలికలలో చుట్టియుండెడివి: దశావతారములు, అంబారీ యేనుగు, తాడిచెట్టెక్కుచున్న గీతగాడు, చల్ల చిలుకుచున్న ఇల్లాలు. కొండపల్లి కొండలలోని తెల్లపొణికి కర్రను చెక్కి, వేరువేరు అంగములను చింతగింజల బంకతోను రంపపుపొట్టుతోను కూర్చిన మక్కుతో నతికి, సున్నపుపూత పూసి, రంగులు దిద్దిన బొమ్మలవి. చేతిలోనికి తీసికొన్న బరువే తెలియదు. రంగు పెచ్చులూడినచోట దిద్దుటకు నేను కుంచె పట్టెడివాడను. మెట్లకు పాఠశాల ప్రయోగశాలలో విరిగిపోయిన బల్లచెక్కలు. వానిపై తెల్లని ధోవతి. వెనుకగోడకు 1947 జూలైలో వెలువడ నారంభించిన చందమామ పత్రిక ముఖచిత్రములు. సాయంకాలము వీధిలోని చిన్నపిల్లలను కొలువు ముందు పీటపై కూర్చుండబెట్టి, రేగిపండ్లు, చెరకుముక్కలు, చేమంతిరేకులు, కానీలు కలిపి తలచుట్టు త్రిప్పి పోసెడివారు. ఆమె యొద్ద ఒక డబ్బాడు చిల్లికానీ లుండెడివి. యుద్ధకాలమున 1943లో మొదలుపెట్టి ప్రభుత్వమువారు ముద్రించిన నడిమిచిల్లి కానీలవి. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చి, కొలదికాలమునకు ఆ కానీ బజారున చెల్లకపోయెను. మాయింట మాత్రము భోగినాడు చెల్లుచునే యుండెను. మా పెద్దపిల్లకు తొలిసారి భోగిపండ్లు పోసినదియు ఆ కానీలతోనే. పండుగ కాగానే పిల్లలు వానిని ఏరి తెచ్చి డబ్బాలో పోసి, మారుగా అరిసెలు పుచ్చుకొనెడివారు.

సంక్రాంతినాడు కోటిలింగాలరేవున స్నానము, పితృదేవతలకు తర్పణము, గుమ్మడిపండు దానము, కొత్తబియ్యపు పరమాన్నము. ఆనాటి విధి అంతటను ఒక్కటే. మేము కల్పించిన దేమియు లేదు.

కనుమ నాది. కోనసీమలో పుట్టినవానికి ఆనాడు కాలు నిలువదు. మొసలపల్లి చెంత జగ్గన్నతోట యను కొబ్బరితోట కలదు. అచ్చట గుడి లేదు, గోపురము లేదు. ఏటేట కనుమనాడు చుట్టుపట్ల పదునొకండు గ్రామములనుండి ఏకాదశ రుద్రులు ప్రభలపై నెక్కి ఆ తోటకు వచ్చి కొలువుతీరుదురు. వెదురుబద్దలను విల్లువలె వంచి, రంగురంగుల కొత్తబట్టలు చుట్టి, వరికంకులను, నెమలిపింఛములను, పూలదండలను అలంకరించిన ఆ యున్నతమైన ప్రభలను జనులు 'శరభా, శరభా' యని కేకలు వేయుచు భుజములపై మోసికొని, పచ్చని చేలకు అడ్డముగా నడచివత్తురు. పైరు త్రొక్కుడు పడినదని ఏ రైతును కసరడు. స్వామి తన చేను త్రొక్కినాడని సంతసించును. గంగలకుర్రు ప్రభలు కౌశిక నీటిలోనికి దిగి దాటుచుండగా గట్టున నిలిచినవారికి ఊపిరి యాడదు. ఇదంతయు రాజమహేంద్రవరపు అద్దెవాటాలో ఎట్లు?

గోదావరిలో తెప్పలుగా కట్టి తెచ్చిన వెదురును చీల్చి బుట్టలల్లు మేదరులయొద్ద నాలుగు బద్దలు అడిగి తెచ్చితిని. వానిని రాత్రి నీట నానబెట్టి, ఉదయము దీపపుసెగకు మెల్లగ వంచి, పురికొసతో బిగించి, మూరెడెత్తు ప్రభ కట్టితిని. ఎఱ్ఱని రవికెగుడ్డ, ఆకుపచ్చని కాగితము, వాకిట పిచ్చుకలకై వ్రేలాడదీసిన వరికుచ్చులోనివి నాలుగు కంకులు. కాని తీర్థమునకు ప్రభ యొక్కటి యున్న చాలునా? జనము వలదా? నేను ఆ మాట అనుచుండగా ఆమె కొలువువైపు చూచి, "మన బొమ్మలు వస్తాయి లెండి తీర్థానికి" అనినది. తమ యింట కొలువు తీసివేయు వఱకు బొమ్మను కదపరాదను నియమము గల ఆమెయే, మెట్లపైనుండి ఒక్కొక్క బొమ్మను దించి ప్రభ చుట్టును నిలుపసాగినది. అంబారీ యేనుగు ముందు నడచినది; చల్ల చిలికెడి ఇల్లాలు కవ్వముతోనే వచ్చినది; గీతగాడు దూరముననుండి చూచుటకు చెట్టెక్కినాడు. ఇసుక పోసి చేలగట్టును, ఇత్తడిపళ్ళెమున నీరు పోసి కౌశికను ఏర్పరచితిమి. వీధిపిల్లలు శరభా యని అరచుచు ప్రభను పళ్ళెము దాటించిరి. ఆ యేడు మొదలు మాయింట కనుమ యట్లే జరిగినది. బందరు కొలువు కోనసీమ తీర్థమునకు పోవుటతో, కాపురము పెట్టిననాటినుండి మీయింట, మాయింట అని సాగుచుండిన మాటలు మాకు తెలియకయే తగ్గిపోయినవి.

పశువులు లేని మాకు కనుమపూజకు పాలవాని యావే దిక్కు. దాని కొమ్ములకు పసుపు పూసి, మెడలో బంతిదండ వైచి, మినపగారెలు పాలవానికిని, కొత్తబియ్యపు పులగము ఆవునకును పెట్టెడివారము. ఆపై మాఘశుద్ధ సప్తమినాడు అటకపైనుండి గొబ్బిపిడకలు దించి, ఎండలో రాజవేసి పాలు పొంగించి, పాయసమును చిక్కుడాకులలో సూర్యునకు నివేదించెడివారము. చిక్కుడుకాయలతోను చీపురుపుల్లలతోను ఆమె కట్టిన చిన్నరథము సాయంకాలము వఱకు తులసికోట యొద్ద నిలిచెడిది. అంతటితో ధనుర్మాసమున నెల పట్టిన పండుగ మాయింట ముగిసినట్లు.

తరువాత పిండిమర వచ్చినది. వీధికి తారు వచ్చినది. తారుపై కళ్ళాపి నిలువదు. పాలవాడు ఆవును వెంటదెచ్చుట మానెను. పేడ కొనవలసిన వస్తు వాయెను. మాపిల్లలు కాపురముండు పట్టణములందు నేలవాకిలియే లేదు. ఇందులో కుట్రయు లేదు, ఎవరి దోషమును లేదు. ఒక్కొక్క సౌకర్యము ఒక్కొక్క పనిని తీసికొనిపోయినది, ఒక్కొక్క పని తనతో కొంత మాటను తీసికొనిపోయినది. నేను ఒకనాడు రోకలి పోయినదని వాపోవుచుండగా ఆమె చాటతో బియ్యము చెరుగుచు, "మీరు పండగకి దంచారు. మేం ఏడాదంతా దంచాం. పోనివ్వండి, పీడా పోయింది" అనినది. ఆ మాటలో నున్న సత్యమును కాదనుటకు ఎవరికిని నోరాడదు. స్త్రీల నడుము విరిచిన ఆ చాకిరిని తలచి కన్నీరు కార్చు హక్కు పండుగకు మాత్రము రోకలి పట్టిన మగవారికి లేదు.

కావున కొత్తగా కాపురము పెట్టువారిని అరిసెలు దంచుడని నేను చెప్పను. కొనుక్కొండు, నేడు కొట్లలో మంచివే అమ్ముచున్నారు. అయితే ఏటి కొక్కసారి, ఇద్దరి చేతులును కలిసిననే గాని సాగని పని యొకటి ఏర్పరచుకొని, దానికి కొన్ని దినముల వ్యవధి నిండు. అది పెద్దలు చెప్పిన ఆచారమే కానక్కరలేదు, శాస్త్రమున కానవచ్చునదియు కానక్కరలేదు. కొండపల్లి గీతగాడు జగ్గన్నతోట తీర్థమునకు పోవలెనని ఏ శాస్త్రమును విధింపలేదు. ఇప్పుడు మా మనుమలు మాత్రము వానిని మొదట తాడిచెట్టు నెక్కించిన గాని ప్రభను కదలనీయరు.